బ్రూక్ అంటే వాగు కాదు, గవారా

కడపలో డిగ్రీ చదివే ఒక పిల్లోడు పోయిన నెల నాకు ఫోన్లో ఒక ఇంగ్లిష్ వాక్యం పంపించి, "చిచ్చా, దీని మతలబ్ ఏంది?" అని అడిగాడు. ఏదో పాత కథలోని వాక్యం. ఒక పెద్ద జమీందారు ఆలస్యాన్ని 'బ్రూక్' చేయడు అని ఉంది అందులో. పిల్లోడు ఫోన్లో బ్రూక్ అని కొడితే 'వాగు' అని వచ్చిందట. గైడు తెరిస్తే 'సహించుట' అని ఒక్క ముక్క ఉంది. వాగుకూ సహనానికీ రిష్తా ఏందని వాడి సవాల్.

జవాబు చెప్పడం రెండు నిమిషాల పని. చెప్పాను. కానీ చెప్తున్నంత సేపూ నాకు కోపం వస్తానే ఉంది. వాడి మీద కాదు. ఆ ఇంగ్లిష్ క్రియకు అచ్చంగా సరిపోయే మాట వాడి నోట్లోనే ఉంది. వాళ్ల అమ్మీ ఇంట్లో వాడే మాట. దాన్ని ఇంగ్లిష్ పాఠం దాకా తీసుకురావొచ్చని ఇన్నేళ్ల చదువులో వాడికి ఒక్కరూ చెప్పలేదు. చెప్పకపోగా, అది ఇంటి మాట, బడిలో పనికిరాదు అని నేర్పించారు. నా దావా ఆ నేర్పించిన వాళ్ల మీద.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఇంగ్లిష్‌లో బ్రూక్ అనే రూపంలో రెండు వేరే వేరే మాటలున్నాయి. ఒకటి నామవాచకం, దాని అర్థం వాగు, చిన్న ఏరు. రెండోది క్రియ. ఈ రెంటికీ పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదు, చెవికి ఒకటే మాదిరి వినపడతాయి, అంతే. ఆ క్రియ చాలా పాతది. పాత ఇంగ్లిష్‌లో దానికి 'వాడుకోవడం, అనుభవించడం' అని అర్థం. జర్మన్‌లో ఈనాటికీ వాడే 'బ్రౌఖెన్' అనే క్రియ దీనికి తోబుట్టువు. తర్వాత ఆ వాడుకోవడం తిండికి అంటుకుంది. తిన్నది కడుపులో నిలుపుకోవడం, అరిగించుకోవడం అనే అర్థం వచ్చింది. అక్కడి నుంచి మనసుకు ఎక్కింది. ఒక మాటను, ఒక మనిషిని, ఒక అవమానాన్ని అరిగించుకోవడం, అంటే సహించడం.

షేక్స్పియర్ నాటకాల్లో ఈ ప్రయాణం మొత్తం కనపడుతుంది. రెండో రిచర్డ్ నాటకంలో రాజు ఐర్లాండ్ నుంచి ఓడలో తిరిగొచ్చి వేల్స్ తీరంలో దిగితే, పక్కనున్నవాడు ఈ గాలి తమకెట్లుంది, ఒంటికి పడిందా అని అడుగుతాడు. ఆ అడగడంలో వాడింది ఈ క్రియే. అక్కడ సహించడం అని పెడితే మాట చెడిపోతుంది. గాలి ఒంటికి పడడం అన్నదే సరైన అర్థం. జూలియస్ సీజర్‌లో కాసియస్ బ్రూటస్‌ను రెచ్చగొడుతూ, మీ పూర్వీకుడు ఒకాయన ఉండేవాడు, రోమ్‌లో రాజునైనా సైతాన్‌నైనా ఒకటే మాదిరి చూసేవాడు అనే అర్థం వచ్చేటట్లు మాట్లాడతాడు. అక్కడా ఇదే క్రియ. పైకి 'లేదు, కాదు' అనే మాట కనపడదు గానీ లోపల ఉంది. రాజును ఆయన మింగలేడు అని దాని మతలబ్.

ఈ 'లేదు' చాలా ముఖ్యం. ఇప్పటి ఇంగ్లిష్‌లో ఈ క్రియ దాదాపు ఎప్పుడూ నిరాకరణతోనే వస్తుంది. ఎదురుమాటను బ్రూక్ చేయడు, ఆలస్యాన్ని బ్రూక్ చేయడు, జోక్యాన్ని బ్రూక్ చేయడు. చేస్తాడు అని ఎవరూ రాయరు. రెండో సంగతి, ఈ క్రియకు కర్త ఎప్పుడూ అధికారం ఉన్నవాడే. రాజు, అబ్బ, హెడ్మాస్టరు, కలెక్టరు, అత్త. కూలోడు, ఆకలిగొన్నోడు దీనికి కర్తలుగా రారు. మూడో సంగతి, దీని కర్మ నొప్పి కాదు. పంటినొప్పిని ఎవరూ బ్రూక్ చేయరు, ఎండను బ్రూక్ చేయరు. తన మాటకు అడ్డం వచ్చేదాన్నే బ్రూక్ చేయరు.

ఇప్పుడు గైడులోని 'సహించుట'ను దీని పక్కన పెట్టి చూడండి. తెలుగులో పంటినొప్పిని సహిస్తాం, ఎండను సహిస్తాం, పేదరికాన్ని సహిస్తాం, మొగుణ్ని సహిస్తాం. సహించడం పెద్ద గోనెసంచి, ఏది వేసినా పడుతుంది. తప్పు అర్థం అని నేను అనను, సగం అర్థం అంటాను. ఆ కథలో జమీందారుకు కోపం ఉంది, హోదా ఉంది, నా ముందర ఇదా అనే ధిమాక్ ఉంది. 'సహించుట' అని రాసుకున్న పిల్లోడికి ఆ జమీందారు ఒక సాధువు మాదిరి కనపడతాడు, ఆలస్యం ఒక జ్వరం మాదిరి కనపడుతుంది. కథ పోయింది. పరీక్షలో మార్కు వస్తుంది, కథ మాత్రం రాదు.

ఇంక మన మాట దగ్గరికి వస్తాను. ఉర్దూలో గవారా అని ఒక లఫ్జ్ ఉంది. 'యే బాత్ మేరెకు గవారా నై' అని మన ఇండ్లలో అంటారు. పెండ్లి మాటల్లో కట్నం సంగతి వచ్చినప్పుడు, తోడల్లుడు లేనిపోని మాట అన్నప్పుడు, కొడుకు చెప్పకుండా ఊరిడిసి పోయినప్పుడు. అది ఫార్సీ నుంచి వచ్చింది. ఫార్సీలో 'గువారీదన్' అంటే అరగడం, జీర్ణం కావడం. ఇరాన్‌లో ఈ రోజుకు కూడా కడుపులోని జీర్ణవ్యవస్థను 'దస్త్‌గాహె గువారిష్' అంటారు. గవారా అంటే అసలు అర్థం అరిగేది, ఒంటికి పడేది, హాయిగా దిగేది. మంచినీళ్లు గవారా, మంచి గాలి గవారా. అక్కడి నుంచి మనసుకు ఎక్కి 'ఒప్పుకోదగింది, సహించదగింది' అయింది. వాడుకలో ఎక్కువగా 'నై'తోనే వస్తుంది. ఇష్టం లేనిదాన్ని నాగవార్ అంటారు.

చూశారా? ఒకటి ఇంగ్లండు చలిలో పెరిగిన మాట, ఒకటి ఇరాన్ నుంచి మన దాకా నడిచొచ్చిన మాట. రెండూ ఒకే దారి పట్టాయి. ముందు ఒంటికి పడడం, తర్వాత కడుపులో అరగడం, తర్వాత మనసుకు సమ్మతి కావడం, చివరికి 'లేదు'తో జంట కట్టడం. రెండో రిచర్డ్‌కు ఆ గాలి గవారా అయిందా? బ్రూటస్ పూర్వీకుడికి రాజు గవారా అవుతాడా? కథలో జమీందారుకు ఆలస్యం గవారా నై. మూడు చోట్లా ఒకే మాట కుదిరింది. తెలుగు మాట కూడా ఈ దారికి దూరం కాదు. 'మింగుడు పడలేదు', 'జీర్ణించుకోలేకపోయాడు' అని మన పేపర్లలో రోజూ రాస్తాం. అంటే తెలుగు పిల్లోడికి మింగుడు పడకపోవడం ఉంది, ఉర్దూ పిల్లోడికి గవారా ఉంది, సీమలో పెరిగిన పిల్లోడికి రెండూ ఉన్నాయి. గైడు మాత్రం రెంటినీ పక్కకు నెట్టి 'సహించుట' దగ్గర కూలబడింది.

ఎందుకు ఇట్ల? దీనికి తారీఖ్ ఉంది, అది కడపలోనే మొదలవుతుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తెలుగుకు ఆయన చేసిన ఖిద్మత్ మీద నాకు ఎత్‌రాజ్ లేదు. సొంత డబ్బు పెట్టి పండితులను కూర్చోబెట్టి రాతప్రతులు పోగుచేశాడు, 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగళా ఉన్న జాగాలో ఈ రోజు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, దాని వెనక జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి ఏండ్ల మెహనత్ ఉంది. బ్రౌన్‌కు ఫార్సీ కూడా బాగా వచ్చు, 1838లో మద్రాసు ప్రభుత్వానికి ఫార్సీ తర్జుమాదారుగా చేశాడు. కడప బజారులో, కచేరీలో జనం ఏం మాట్లాడుతున్నారో ఆయన చెవులకు తెలుసు. అందుకే ఆ మాటలను పారేయలేదు, రాసిపెట్టాడు. కానీ ఎక్కడ రాసిపెట్టాడు? 1854లో వేరే పుస్తకంలో. మిశ్రభాషా నిఘంటువు అని దానికి పేరు. తెలుగులో వాడే మిశ్రమ, అన్యదేశ్య పదాలకు అది వేరే ఇల్లు. అసలు ఇంటికి పెద్ద నిఘంటువు, దొడ్లో కొట్టానికి చిన్న నిఘంటువు.

బ్రౌన్ సౌలభ్యం కోసం చేసి ఉండొచ్చు. తెల్లదొరలకు కచేరీ కాగితాలు చదవడానికి అట్లాంటి పుస్తకం అవసరం. కానీ తర్వాత వచ్చిన మనవాళ్లు ఆ కొట్టానికి తాళం వేసి, అందులో ఉన్నవన్నీ పరాయివి అని తీర్పు చెప్పేశారు. నేను ఉర్దూ మీడియంలో పదో తరగతి దాటి, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. వ్యాకరణం క్లాసులో మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని పంచారు. 'సహ' అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చిన సహించు తత్సమాల ఇంట్లో కూర్చుంది. మా అమ్మీ నోటి మాట అన్యదేశ్యం అయింది. అన్యదేశం అంటే ఏ దేశం? చలానా, ఫిరానా, దబానా, ఇవి ఏ అరబ్బు ఎడారిలో పుట్టినాయి? ఈ ముల్క్‌లో పుట్టి, ఈ ముల్క్‌లో పెరిగిన క్రియలు ఇవి.

ఇప్పుడు అస్లీ బాత్. తెలుగు ఈ మాటలను నిజంగా వద్దన్నదా? లేదు. తెలుగులో ఉర్దూ క్రియలు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. చలాయించు, దబాయించు, సతాయించు, బనాయించు, జమాయించు, బైఠాయించు, ఫిరాయించు. ఉర్దూ క్రియ చివర ఉన్న 'నా'ను తీసి తెలుగు 'ఇంచు' తగిలిస్తే తెలుగు క్రియ తయారు. పురమాయించు అనే మాటను అందరూ అచ్చ తెలుగు అనుకుంటారు, అది మన ఫర్మానా. పెద్దవాళ్లు ఫర్మాయిస్తే చిన్నవాళ్లు చేస్తారు, తెలుగులో పురమాయిస్తే చేస్తారు. ఎంత బాగా ఇమిడిపోయిందంటే ఎవరికీ అనుమానమే రాలేదు.

ఇంకో మజా చూడండి. ఇంగ్లిష్‌లో 'డిఫెక్ట్' అని ఒక క్రియ ఉంది. సైన్యాన్ని, పార్టీని వదిలి ఎదుటివాళ్లలో కలవడం. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ తెచ్చి పదో షెడ్యూలు చేర్చినప్పుడు తెలుగు పేపర్లకు ఈ క్రియతో పని పడింది. ఏం చేశారు? ఫిరాయించు అన్నారు. ఫిరాయింపుల నిరోధక చట్టం అన్నారు. ఈ రోజు అమరావతిలో, హైదరాబాద్‌లో స్పీకర్ ముందు జరిగే ప్రతి వాదన ఆ ఉర్దూ క్రియ మీద నడుస్తుంది. ఎవరైనా 'అన్యదేశ్యం, మార్చండి' అన్నారా? దాఖలు, మంజూరు, రద్దు, జారీ, హాజరు, ఖరారు, వాయిదా, జప్తు. సర్కారు ఇంగ్లిష్ క్రియలను తెలుగులోకి దించింది మన అల్ఫాజే.

మరి అభ్యంతరం ఎక్కడ? నా ఇల్జామ్ ఇది. తెలుగు మన కచేరీ మాటలను లోపలికి రానిచ్చింది, కలేజా మాటలను గడప దగ్గరే నిలబెట్టింది. సబూత్ కావాలంటే జప్తు చూడండి. ఉర్దూలో జబ్త్ అంటే రెండు అర్థాలు. ఒకటి ఆస్తిని పట్టుకోవడం. రెండోది కన్నీళ్లను, కోపాన్ని, బాధను బయటికి రానీయకుండా పట్టుకోవడం. గజల్ వినేవాళ్లకు ఈ రెండో జబ్త్ ప్రాణం. తెలుగులోకి ఏది వచ్చింది? అమీను వచ్చి ఎద్దులను తోలుకుపోయే జప్తు వచ్చింది. కండ్లలో నీళ్లను ఆపుకునే జబ్త్ రాలేదు. ఖరారు చూడండి. ఉర్దూలో కరార్ అంటే ఒప్పందం కూడా, మనసుకు దొరికే నెమ్మది కూడా. తెలుగుకు టెండరు ఖరారు చేరింది, దిల్ కరార్ చేరలేదు. వాయిదా చూడండి. ఉర్దూలో వాదా అంటే ఇచ్చిన మాట. తెలుగు కోర్టులో వాయిదా అంటే తర్వాత రా పో అని. ఇచ్చిన మాటకూ తర్వాత రమ్మనడానికీ ఈ దేశంలో తేడా ఎందుకు పోయిందో మన లీడర్లను అడగండి.

కాబట్టి కథలు, కవితలు చదివేటప్పుడు ఇంగ్లిష్ క్రియ ఎదురైతే మన పిల్లల చేతిలో సామాను ఉండదు. ఆఫీసు ఇంగ్లిష్‌కు ఉర్దూ ఉంది. సాహిత్యం ఇంగ్లిష్‌కు సంస్కృతం మాత్రమే ఉంది. 'యర్న్' అనే క్రియ వస్తుంది. గైడు 'ఆశించుట' అంటుంది. ఆశించడం అంటే జీతం పెరుగుతుందని ఆశించడం కూడా. యర్న్ అట్లాంటిది కాదు, అందని దాని కోసం లోపల లోపల ఎండిపోవడం. మనకు తరస్నా ఉంది. ఆ మాట పుట్టిందే దాహం అనే అర్థం నుంచి. దుబాయి, కువైట్ పోయిన కొడుకు మొహం చూడడానికి తరసిపోయే అమ్మీలు కడప జిల్లాలో ప్రతి వీధిలో ఉన్నారు. బోరు వేసి వేసి నీళ్లు పడని నేల ఇది. దాహం నుంచి పుట్టిన క్రియ ఇక్కడి పిల్లలకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

క్రియ అర్థం సగం సగం పట్టుకుంటే ఏమవుతుందో ఈ సీమకు ఇంతకుముందే తెలుసు. 1800లో నిజాం అలీ ఖాన్ కంపెనీతో సంధి చేసుకుని, తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను ఇచ్చేశాడు. ఇంగ్లిష్ కాగితాల్లో వీటికి సీడెడ్ జిల్లాలు అని పేరు పడింది. 'సీడ్' అనే ఆ క్రియ లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో వెనక్కి తగ్గడం, తప్పుకోవడం ఉంది. తన హక్కు వదులుకుని పక్కకు జరగడం. తెలుగులో దాన్ని 'దత్త' అన్నారు, దత్త మండలాలు అన్నారు. దత్తం అంటే ఇచ్చింది, దానమిచ్చింది. దత్తత వాసన కూడా దానికి ఉంది. తప్పుకున్నవాడి బలహీనత మాయమైపోయి, ఇవ్వబడిన నేల మీద మచ్చ మిగిలింది. ఇక్కడి జనానికి ఆ పేరు నాగవార్ అయింది. 1928లో నంద్యాల సభల్లో ఆ పేరు వద్దని, చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. ఒక క్రియకు చేసిన తర్జుమా జనం మెడలో నూరేండ్లకు పైగా వేలాడింది.

ఉర్దూలో ఆ క్రియకు ఏముంది? దస్త్‌బర్దార్ హోనా. దస్త్ అంటే చెయ్యి, బర్దార్ అంటే ఎత్తడం. ఒకదాని మీద నుంచి తన చెయ్యి తీసేయడం. నేల మీద మచ్చ పడదు, చెయ్యి తీసినవాడి సంగతే చెప్తుంది. ఇంకో తమాషా ఏందంటే, సహించడానికి మనం వాడే బర్దాష్త్ కూడా ఈ బర్దార్ ఇంటిదే. ఎత్తుకుని మోయడం బర్దాష్త్, చెయ్యి ఎత్తేయడం దస్త్‌బర్దారీ. బర్దాష్త్ బరువు మోసేవాడి మాట, గవారా పైన కూర్చున్నవాడి మాట. ఒకటి ఎండను ఓర్చే కూలీకి, ఇంకొకటి ఎదురుమాట ఒప్పుకోని జమీందారుకు. ఇంగ్లిష్‌లో కూడా ఈ రెంటికీ వేరే వేరే క్రియలున్నాయి. గైడులో మాత్రం రెండూ సహించుటే.

కర్నూలు సంగతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే బ్రూక్ అనే క్రియ కర్నూలు మీద ఆచరణలో జరిగింది. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు, మందుగుండు పోగేస్తున్నాడని 1839లో కంపెనీ సైన్యం దిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపించి, రాజ్యాన్ని కలిపేసుకుంది. తనకు ఎదురుగా ఇంకో ఫిరంగి ఉండడం కంపెనీకి గవారా కాలేదు. సహించలేదు అని రాస్తే కంపెనీ ఏదో బాధలో ఉన్నట్లుంటుంది. కంపెనీకి బాధ లేదు, అధికారం ఉంది. క్రియ తేడా అంటే ఇదే. ఎవరి చేతిలో కొరడా ఉందో క్రియ చెప్పాలి. చెప్పని తర్జుమా కొరడా ఉన్నవాడి పక్షాన నిలబడినట్లే.

ఇంక నాకు వచ్చే ఎత్‌రాజ్‌లు ఏవో నాకు తెలుసు.

మొదటిది తెలుగు పండితులది. 'గవారా అని రాస్తే పేపరు దిద్దేవాళ్లకు తెలియదు, మిగతా పిల్లలకు తెలియదు.' జీ, నిజమే. తెలియనిది నేర్పేదే గదా బడి. 'ఒనర్చు', 'గావించు', 'ఆపాదించు' కర్నూలు మార్కెట్లో ఎవరికి తెలుసు? అవి నేర్పిస్తే పిల్లలు నేర్చుకోలేదా? నేను సహించును తీసేయమనలేదు. దాని పక్కన ఓర్వడు అని పెట్టండి, మింగుడు పడదు అని పెట్టండి, గవారా లేదు అని పెట్టండి. నాలుగు మాటలు పక్కపక్కన ఉంటే పిల్లోడు ఆ క్రియ చుట్టూ తిరిగి చూస్తాడు. ఒక్క మాట ఉంటే బట్టీ పడతాడు.

రెండోది మన ఉర్దూ పెద్దమనుషులది. వీళ్లను వదిలేస్తే బేఇన్సాఫీ అవుతుంది. 'సీమ సాయిబులకు ఉర్దూ రాదు, నక్కో హౌ అంటారు, తెలుగు కలిపి జబాన్‌ను ఖరాబ్ చేశారు' అంటారు. లక్నో తలఫ్ఫుజ్ లేకపోతే ఇల్మ్ లేనట్లే అంటారు. ముషాయిరాలో వాహ్ వాహ్ అనడానికి వీళ్లకు గవారా కావాలి, పదో తరగతి పిల్లోడి ఇంగ్లిష్ పాఠంలోకి ఆ మాట దిగడం మాత్రం గవారా నై. పండితుడికి మన మాట మైల. మన ముఅల్లిమ్‌కు తెలుగు మైల. మధ్యలో పిల్లోడి పరిస్థితి ఎవరికీ పట్టదు. దక్కనీ ఈ నేల జబాన్. తెలుగును, ఉర్దూను ఒకే నోట్లో పెట్టుకుని పుట్టిన పిల్లలకు అది ఐబ్ కాదు, దౌలత్.

మూడోది ఇంగ్లిష్ మీడియం మోజున్న వాళ్లది. 'ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్చుకోవాలి, తర్జుమా ఎందుకు?' ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీలో బ్రూక్ దగ్గర 'టాలరేట్' అని ఉంటుంది. టాలరేట్ దగ్గర 'ఎండ్యూర్' అని ఉంటుంది. ఎండ్యూర్ దగ్గర మళ్లీ టాలరేట్. పిల్లోడు గానుగెద్దు మాదిరి తిరుగుతాడు, నూనె రాదు. ఎక్కడో ఒక చోట ఆ క్రియ వాడి ఇంటి గడపను తాకాలి. తాకితేనే వెలుగుతుంది. ఆ తర్వాత వాడు ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే చదువుకుంటాడు, ఎవరూ చెప్పనక్కరలేదు.

పండితుల్లో కొందరు ఇంకో మాట కూడా అంటారు. 'ఇది భాష సంగతి కాదు, మతం సంగతి తెస్తున్నావు' అని. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముసల్మానులు పోతారు, బీబీ నాంచారి మా ఆడబిడ్డ అని. పెద్ద దర్గాకు హిందువులు మొక్కుకోను వస్తారు. అక్కడ ఎవరూ ఎవరినీ అన్యదేశ్యం అనరు. ఆ పని మీ క్లాసురూముల్లోనే జరుగుతోంది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. 1998లో 'జల్‌జలా', ఆ తర్వాత 'వతన్' వచ్చాయి. తెలుగు సాహిత్యం మన ఇంటి మాటలకు తలుపు తీసి పాతికేండ్లు దాటింది. నిఘంటువూ గైడూ ఇంకా గొళ్లెం తీయలేదు.

నేను అడిగేది ఆకాశం కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ చట్టం చేసి ఉర్దూను రెండో అధికార భాషగా ప్రకటించింది. కర్నూల్లో 2016 నుంచి డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. ఉస్మానియా కాలేజీ పెట్టిన మన కర్నూలు అబ్దుల్ హఖ్ పేరు అది. బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరే. 1937లో ఔరంగాబాద్ నుంచి పెద్ద ఇంగ్లిష్-ఉర్దూ డిక్షనరీ తెచ్చింది ఆయన. ఆ పేరే పెట్టుకున్న మన యూనివర్సిటీకి కనీసం ఒక చిన్న డిక్షనరీ తేవాలనే గైరత్ ఉండాలి గదా. కడపలో యోగి వేమన యూనివర్సిటీ కింద బ్రౌన్ కేంద్రం ఉంది. ఈ రెండూ ఒక బల్ల ముందు కూర్చోవాలి. ఇంటర్, డిగ్రీ పాఠాల్లో పిల్లలను కాలడ్డం పెట్టి పడేసే ఇంగ్లిష్ క్రియలు ఒక ఐదు వందలు తీయాలి. ప్రతి క్రియకూ తెలుగు మాట, సీమ మాట, ఉర్దూ మాట, దక్కనీ మాట పెట్టాలి. కర్త ఎవరు కావొచ్చు, కర్మ ఏది కావొచ్చు, 'లేదు'తో వస్తుందా రాదా అని రాయాలి. కింద ఒక వాక్యం మన ఊరిది ఇవ్వాలి, లండన్‌ది కాదు. బ్రౌన్ రెండు పుస్తకాలుగా విడదీసిందాన్ని ఒక పుస్తకంలో కలపాలి. కడపలో విడిపోయినవి కడపలోనే కలవడం ఇన్సాఫ్.

అంతవరకూ టీచర్లకు నా అర్జీ ఒకటే. రేపు క్లాసులో తెలియని ఇంగ్లిష్ క్రియ వస్తే గైడు తెరవకముందు పిల్లలను అడగండి, "మీ ఇంట్లో ఈ మాటను ఏమంటారు?" అని. ఒకడు ఓర్వలేడు అంటాడు, ఒకామె మింగుడు పడదు అంటుంది, వెనక బెంచీలో టోపీ పెట్టుకున్నవాడు భయం భయంగా గవారా నై అంటాడు. ఆ మాటను బోర్డు మీద రాయండి. రాసి, దాని కింద గీత గీయండి.